అప్‌డేట్: సీఏహెచ్ పాపకి ఆపరేషన్ వాయిదా

మా అక్క కూతురికి సీఏహెచ్. అంటే పుట్టుకతోనే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ హార్మోన్‌ని సరిగా తయారు చేయలేని జబ్బు. మగ హార్మోన్లు ఎక్కువై ఆడపిల్లల జననాంగాలు వేరేగా ఏర్పడొచ్చు. వాటిని సరిచేసే ఆపరేషన్ ఏడాదిలోపే చేయించాలా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. "ఇది హార్మోన్ జబ్బు, మా పిల్లని ఇంటర్‌సెక్స్ (పుట్టుకతో శరీరం ఆడ, మగ లెక్కల్లో పూర్తిగా ఇమడనివాళ్లు) అనకండి" అన్నారు సీఏహెచ్ పిల్లల తల్లిదండ్రులు. "మమ్మల్ని అడగకుండా కోశారు" అన్నారు అదే అనుభవించి పెద్దయినవాళ్లు.

ఆపరేషన్ వాయిదా వేశాం. మూత్రం అడ్డుపడటం, పదేపదే ఇన్ఫెక్షన్ లాంటివి లేనప్పుడు తొందరేం లేదు. ఆపరేషన్ వల్ల నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గొచ్చు, యోని ద్వారం బిగుసుకుపోయి యుక్తవయసులో మళ్లీ కోయాల్సి రావొచ్చు. మద్రాస్ హైకోర్టు 2019 తీర్పు తర్వాత, ఇంటర్‌సెక్స్ పసిపిల్లలకి ఇలాంటి ఆపరేషన్లని నిషేధిస్తూ వచ్చిన జీవో తమిళనాడుకే. అందుకే హైదరాబాద్‌లో మన నిర్ణయాన్ని కేస్ షీట్‌లో రాయించుకోవడమే మంచిది.

వాయిదా పడకూడనిది మందు. వాదనలో దీని ఊసెత్తినవాళ్లు తక్కువే! కార్టిసాల్ లోటు తీర్చే హైడ్రోకార్టిసోన్ రోజుకి మూడుసార్లు, శరీర వైశాల్యం చదరపు మీటరుకి మొత్తం 10-15 మి.గ్రా. లెక్కన. బరువు పెరిగేకొద్దీ డాక్టర్ మారుస్తారు. ఒంట్లో ఉప్పు కోల్పోయే రకమైతే, ఉప్పు నిలిపే ఫ్లూడ్రోకార్టిసోన్ కూడా. జ్వరమొస్తే హైడ్రోకార్టిసోన్ రెట్టింపు, ఎక్కువుంటే మూడింతలు. వాంతై మందు నిలవకపోతే కండరానికి హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్: మూడేళ్లలోపు 25 మి.గ్రా., వెంటనే ఆసుపత్రికి. వయల్, సిరంజి, మోతాదు చీటీ ఒకే పౌచ్‌లో పెట్టి పాప బ్యాగ్‌లో ఉంచాం.

ఇంటర్‌సెక్స్ అన్న పేరుకి బావ ఇంకా ఒప్పుకోలేదు. పాప పెద్దయ్యాక తనే తేల్చుకుంటుందని అక్క అంటోంది.