మా అబ్బా (నాన్న) బర్సీ (సంవత్సరీకం) మొహర్రం 4నా 5నా? తల పగిలిపోతోంది, కాస్త చెప్పండి

కడప పిల్లోడు (2025 జూన్ 25):
పొద్దున్నుంచి ఇదే పని. మా అబ్బా పోయింది 2024 జులై 11. బర్సీ మొహర్రం నెల తేదీ ప్రకారమే చేయాలని అమ్మీ పట్టు. గోడ మీది పోయినేటి ఉర్దూ క్యాలెండర్‌లో (అబ్బా పాల లెక్క రాసుకున్నది, అందుకే పారేయలేదు) ఆ రోజు 4 అని ఉంది, ఫోన్ యాప్‌లో 5. అమ్మీ కూడా 5 అంటుంది, ఎందుకంటే చెప్పదు, ఏడుస్తుంది. 5 అంటే జూన్ 30 అని అన్న టికెట్ కూడా తీసేశాడు. బిర్యానీకి వంటాయన అడ్వాన్స్ అడుగుతున్నాడు. ఏది కరెక్ట్?

ప్రొద్దుటూరు మాస్టారు:
బాబూ, హిజ్రీ (ముస్లిం క్యాలెండర్) ఏడాదికి 354 లేదా 355 రోజులే, అందుకే ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది. మన తెలుగు నెలలూ చంద్రుడివే, కానీ సుమారు 33 నెలలకోసారి అధికమాసం వేసి సరిపెడతాం. ఈ ఏడు ఉగాది మార్చి 30, రంజాన్ 31. వచ్చే ఏడు 2026లోనూ దగ్గర దగ్గరగానే వస్తాయి, ఆ ఉగాది తర్వాత అధిక జ్యేష్ఠం పడి విడిపోతాయి. దేవుని కడపలో ఉగాదికి ముస్లిములు వచ్చి...

ఆదోని భాయ్:
సార్, అతను అడిగింది బర్సీ. తమ్ముడూ, ఎన్ని గంటలకు పోయారు? అన్న ఎక్కడున్నాడు?

నంద్యాల సోదరుడు:
బర్సీలు దీన్‌లో (మతంలో) లేవు. దుఆ చేయండి, ఆ డబ్బు పేదలకివ్వండి.

కడప పిల్లోడు:
అది అమ్మీకి మీరే వచ్చి చెప్పండి. రాత్రి ఎనిమిది దాటింది, ఇషా అజాన్ అప్పుడే అయింది. అన్న కువైట్. దానికీ దీనికీ ఏం సంబంధం?

ఆదోని భాయ్:
ఉన్నదంతా అక్కడే. మన హిజ్రీ తారీఖు అర్ధరాత్రి కాదు, మగ్రిబ్‌కి (పొద్దు గుంకగానే) మారుతుంది. పగలు 4, ఎనిమిదింటికి 5. అమ్మీ మాటే కరెక్ట్. యాప్ గల్ఫ్ లెక్క చూపిస్తోంది, అక్కడ పోయినేడు మొహర్రం మనకన్నా ఒకరోజు ముందు మొదలైంది, అందుకని తప్పు దారిలో వచ్చి 5 దగ్గరే ఆగింది. మీ అన్న వేసిందీ అదే గల్ఫ్ లెక్క. రేపు సాయంత్రం మనకు నెలవంక కనిపిస్తే జూన్ 27న మొహర్రం ఒకటి, జూన్ 30 మగ్రిబ్ నుంచి 5. ఫాతిహా (పోయినవాళ్ల కోసం చేసే ప్రార్థన) ఆ రాత్రే పెట్టుకోండి, టికెట్ కూడా పనికొస్తుంది. కనిపించకపోతే ఒకరోజు జరపాలి.

నార్పల కుర్రోడు:
మొహర్రంలో, పీర్ల పండుగ రోజుల్లో బిర్యానీ ఏంది అన్నా? మా గూగూడులో కుళ్లాయిస్వామి గుండం...

నంద్యాల సోదరుడు:
పండుగ అనకండి, కర్బలా (ఇమాం హుసేన్ అమరుడైన చోటు) అంటే సంతాపం.

నార్పల కుర్రోడు:
మా జేజి కాలం నుంచి పీర్ల పండుగే. హిందువులమే గుండానికి కట్టెలు తోలేది. ఇప్పుడు పేరు మార్చమంటే ఎట్లా?

కడప పిల్లోడు:
వంటాయనకు 30 రాత్రి అని చెప్పేశా, రెండు వేలు ఇచ్చేశా. థాంక్స్ భాయ్.

ఆదోని భాయ్:
నెలవంక చూడకుండానే ఇచ్చేశావా?