నాయన ఫోన్‌లో వాట్సాప్ గ్రూపుల గోల: పనికొచ్చేది ఎట్ల ఏరుకోవాల?

ఉల్లిగడ్డ_కర్నూలు: ఉల్లి ధరల గ్రూపులు, చుట్టాల గ్రూపులు, ఊరి గ్రూపులు. పొద్దస్తమానం టింగుటింగు. స్టోరేజీ నిండింది, కావాల్సిన యార్డు ధర యాడో అడుగున పడిపోతాంది. బయటికొస్తే చుట్టాలు అలుగుతారు. ఏం చేయాలన్నా?

పెన్నా_గట్టు: బయటికి రావద్దు. మ్యూట్ ఒక్కటే చాలదు, మోత ఆగుతుంది గానీ చాట్ పైకెక్కుతూనే ఉంటాది. ఆర్కైవ్ చేయండి, అంటే చాట్‌ల లిస్టులోంచి పక్కకు పెట్టేయండి. సెట్టింగ్స్, చాట్స్‌లో 'కీప్ చాట్స్ ఆర్కైవ్‌డ్' ఆన్‌లో ఉండాల. లేదంటే కొత్త మెసేజ్ రాంగానే గ్రూపు మళ్లా బయటికొస్తాది. ఆర్కైవ్ పనిచేయలేదనేవాళ్లు చాలామంది ఇది చూసుకోరు. యార్డు గ్రూపును పైన పిన్ చేయండి. పెండ్లి పిలుపులు ఆర్కైవ్‌లో మునిగితే మాత్రం మాట పడేది మీరే!

బుడ్డల_చేను: స్టోరేజీకి: మీడియా ఆటో డౌన్‌లోడ్‌లో మొబైల్ డేటా, వైఫై, రోమింగ్ మూడింట్లోనూ ఫోటో, వీడియో టిక్కులు తీసేయండి. ఒక్కదాంట్లో తీస్తే వైఫై తగలగానే మళ్లా నిండుతాది. పాతవాటికి 'మేనేజ్ స్టోరేజ్'. 5 ఎంబీ దాటినవి అక్కడ విడిగా కనపడతాయి. పాస్‌బుక్ ఫోటోలుంటే ముందే పక్కకు తీయండి.

అనంత_వాన: ధర ఫోటోల్లో తేదీ ఉండదు, నిన్నటిదే ఈరోజు తిరుగుతాది. కేంద్ర ప్రభుత్వం మార్కెట్ ధరల సైటు అగ్‌మార్క్‌నెట్‌లో తేదీతో క్వింటాల్ ధర ఉంటుంది. గరిష్ఠం చూసి మురిసిపోవద్దు, అది ఒకటి రెండు లాట్లకే పలికుండొచ్చు. మోడల్ ధర, అంటే ఎక్కువ సరుకు పలికిన ధర చూడండి. వానకు మేఘదూత్ యాప్ చాలు, సాగు సలహాలు మంగళ, శుక్రవారాల్లో వస్తాయి.