చుట్టం వెళ్ళిపోయాడు, సామాను మిగిలిపోయింది: తీసేయొచ్చా?

ఉప్పుగాలి:
అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం. సొంత ఫ్లాటు, రెండు పడగ్గదులు. మా ఆయన బాబాయి కొడుకు, నాకు మరిది వరస, ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చి మా దగ్గర 7 నెలలు ఉన్నాడు. అద్దె మాట మేం ఎత్తలేదు, ఎత్తే ఉద్దేశమూ లేదు. ఇంట్లో మనిషిలాగే ఉన్నాడు. పోయిన ఏడాది సంక్రాంతికి ఊరెళ్ళి, అటునుంచి అటే బెంగళూరులో ఉద్యోగంలో చేరిపోయాడు. సామాను మాత్రం మా రెండో గదిలోనే ఉంది. తాళం వేసిన ఇనప ట్రంకు పెట్టె, రెండు సూట్‌కేసులు, మడత మంచం, చిన్న ఫ్రిజ్, పాత కంప్యూటరు, రెండు బస్తాల పుస్తకాలు. కింద పార్కింగులో బైకు.

"వచ్చే నెల తీసుకెళ్తా వదినా" అని అయిదారు సార్లు అన్నాడు. నాలుగు నెలలుగా ఫోనే ఎత్తడం లేదు. వాట్సాప్‌లో మెసేజ్ చూస్తాడు, జవాబు ఇవ్వడు. మా అమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది, త్వరలో మా ఇంటికే తీసుకొస్తున్నాం. ఆ గది తప్ప వేరే దారి లేదు. సముద్రపు గాలికి ట్రంకు తుప్పు పట్టింది, సూట్‌కేసులకు బూజు పట్టింది. బైకు తీయమని అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్ళు రెండుసార్లు చెప్పారు. పైగా వెళ్ళేటప్పుడు మా ఆయన దగ్గర 18 వేలు చేబదులు తీసుకున్నాడు.

నేను అడిగేవి రెండు. ఈ సామాను బయట పెట్టేయొచ్చా? ఫ్రిజ్, బైకు అమ్మి మా డబ్బు మేం తీసుకోవచ్చా? రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదండి, అంత టెన్షన్‌గా ఉంది.

బెజవాడ మాట:
ఇల్లు మీది. గది మీది. ఏడాది దాటింది. నిజంగా కావలసిన వస్తువైతే ఎవరూ అంతకాలం వదిలి ఉండరు. నా పాత రూమ్మేటు రెండేళ్ళు మంచం, పరుపు, బట్టలు మా ఇంట్లో వదిలేశాడు. చివరికి పాత సామాన్లు కొనేవాణ్ణి పిలిచి ఇచ్చేశాను. ఈ రోజు వరకూ ఒక్క మాట అడగలేదు. ఫోను ఎత్తని మనిషి కోసం ఆపరేషన్ అయిన అమ్మగారిని హాల్లో పడుకోబెడతారా? తీసేయండి.

కోర్టు వరండా:
ఉప్పుగాలి గారూ, నేను సివిల్ కేసులు చూసే న్యాయవాదిని. ఇల్లు మీది కాబట్టి అందులో ఉన్న వస్తువులూ మీవే అయిపోవు. పైవారి సలహాలో ప్రమాదం అక్కడే ఉంది.

మీ మరిది అద్దెదారు కాదు. మీ అనుమతితో ఉన్నవాడు. చట్టం అలాంటివారిని లైసెన్సీ అంటుంది. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల నుంచీ మన కోస్తాకు వర్తిస్తుంది. అందులో 63వ సెక్షన్ ఒక మాట చెబుతుంది: అనుమతి రద్దు చేసినప్పుడు, ఆ మనిషికి వెళ్ళిపోవడానికీ, పెట్టుకోనిచ్చిన సామాను తీసుకుపోవడానికీ సబబైన వ్యవధి ఇవ్వాలి. అంటే గది ఖాళీ చేయించుకునే హక్కు మీకు ఉంది. దానితోపాటు గడువు ఇవ్వాల్సిన బాధ్యతా ఉంది.

"వచ్చే నెల తీసుకెళ్తా" అన్నప్పుడు మీరు సరే అన్నారు కదా. సామాను మీ దగ్గర భద్రంగా ఉంచమని అప్పగించినట్టేనని ఆయన వాదించవచ్చు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం దీన్ని బెయిల్‌మెంట్ అంటుంది. అప్పుడు 151వ సెక్షన్ ప్రకారం, మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త మీరు చూపాలి. బంగారు పెట్టెలా కాపలా కాయమని కాదు. వానలో మాత్రం పడేయకూడదు.

అమ్మి డబ్బు ఉంచుకుంటే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 314వ సెక్షన్ కింద, అంటే ఇతరుల చరాస్తిని దురుద్దేశంతో సొంతం చేసుకోవడం కింద, ఫిర్యాదు రావచ్చు. శిక్ష 6 నెలలకు తగ్గకుండా 2 ఏళ్ళ వరకూ, జరిమానా కూడా. చెత్తలో పారేస్తే నష్టం కలిగించారని అదే చట్టం 324 కింద కేసు పెట్టవచ్చు. దురుద్దేశం లేదని మీరు నిరూపించుకోగలరేమో గానీ, ఆ నిరూపణ కోసం స్టేషన్ చుట్టూ తిరగాలి. ముందే ఒక ఉత్తరం రాస్తే ఆ తిరుగుడు తప్పుతుంది.

బెజవాడ మాట:
వకీలు గారూ, మీరు చెప్పిన సెక్షన్లన్నీ సామాను వదిలేసినవాడికే పనికొస్తున్నాయి. ఇల్లిచ్చి, అన్నం పెట్టి, చేబదులిచ్చిన వాళ్ళకు ఏముంది? పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టు ఉంది. మూడేళ్ళు ఆగితే సామాను మనదే అవుతుందని విన్నాను. అది నిజమేనా?

కోర్టు వరండా:
కాదండి. చాలామంది ఇలాగే పొరబడతారు. దాచుకోమని ఇచ్చిన వస్తువు తిరిగి రాబట్టుకోవడానికి లిమిటేషన్ చట్టంలో మూడేళ్ళ గడువు ఉన్న మాట నిజమే. కానీ ఆ మూడేళ్ళు వస్తువు పెట్టిన రోజు నుంచి లెక్క కాదు. ఆయన అడిగి, మీరు ఇవ్వనన్న రోజు నుంచి మొదలవుతాయి. ఎన్నేళ్ళు ఊరుకున్నా మీకు కలిసివచ్చేది లేదు.

ఇల్లిచ్చిన వాళ్ళకు ఏమీ లేదని కూడా అనలేం. ఉచితంగా సామాను దాచినవారికి దాని కోసం తప్పనిసరిగా పెట్టిన ఖర్చును సొంతదారు ఇవ్వాలని కాంట్రాక్టు చట్టం 158 చెబుతుంది. బైకు వేరే చోటికి తరలించినా, సామాను గోడౌనులో పెట్టినా రశీదులు దాచుకోండి.

18 వేల సంగతి వేరు. ఆ బాకీ కోసం సామాను పట్టి ఉంచే హక్కు మీకు లేదు. ఒక వస్తువు మీద పనిచేసినవాడు, అంటే మెకానిక్కు, దర్జీ లాంటివారు, తమ కూలి ఇచ్చేదాకా ఆ వస్తువును ఆపుకోవచ్చు. బ్యాంకుల లాంటి కొందరికి ఇంకా విస్తృతమైన హక్కు ఉంది. అన్నావదినలకు అలాంటిది లేదు. బాకీని బాకీగానే అడగాలి. ఈ రెండూ కలిపేసి "డబ్బిస్తేనే పెట్టె" అంటే, ఇంతవరకూ మీ పక్షాన ఉన్న న్యాయం ఆయన వైపు వెళ్ళిపోతుంది.

కాకినాడ కాజా:
అమ్మా ఉప్పుగాలీ, నాకు అరవై దాటాయి, పెద్దదానిగా చెబుతున్నాను. ఉత్తరాలు, నోటీసులు మనలో మనకి వద్దు. నోటీసు పంపిన రోజే చుట్టరికం తెగిపోతుంది. రేపు పెళ్ళిళ్ళలో ఎదురుపడాలి, మీ మామగారి వైపు కార్యాల్లో ఒక పంక్తిలో కూర్చోవాలి. ఆ అబ్బాయి తండ్రికి మీ మామగారి చేత ఫోను చేయించు. పెద్దవాళ్ళే తేలుస్తారు.

ఉప్పుగాలి:
పిన్నిగారూ, మామయ్యగారు లేరు. అత్తయ్యగారు ఒకసారి చిన్నమామయ్యకు చెప్పారు. "వాడికి చెబుతాలే" అన్నారు, అంతే.

ఫ్రీమాంట్ నుంచి:
మేం ఉండే కాలిఫోర్నియాలో దీనికి లెక్క ఉంది. అద్దెదారు సామాను వదిలి వెళ్ళిపోతే యజమాని రాతపూర్వకంగా తెలియజేయాలి. చేతికిస్తే 15 రోజులు, పోస్టులో పంపితే 18 రోజులు గడువు. మీరూ 18 రోజులు ఇచ్చి తీసేయండి.

కోర్టు వరండా:
ఆ నియమం అక్కడి అద్దె ఇళ్ళ కోసం. ఇంటికొచ్చిన చుట్టం సామానుకు ఇన్ని రోజులని మన చట్టంలో అంకె లేదు. "సబబైన వ్యవధి" అనే మాటే ఉంది. సబబు ఏమిటన్నది సందర్భాన్ని బట్టి తేలుతుంది. మనిషి బెంగళూరులో ఉన్నాడు, సెలవు పెట్టాలి, బండి మాట్లాడుకోవాలి. నెల రోజులు ఇస్తే తొందరపెట్టారని ఎవరూ అనలేరు.

పాత పెట్టె:
ఈ చర్చ చదువుతూ ఆగలేకపోయాను. నేను ఒకప్పుడు మీ మరిది స్థానంలో ఉన్నవాణ్ణి.

నాన్న పోయాక, చేతిలో ఉద్యోగం లేక, స్నేహితుడి ఇంట్లో నాలుగు నెలలు ఉన్నాను. తర్వాత వేరే ఊళ్ళో చిన్న పని దొరికి వెళ్ళాను. ఒక అట్టపెట్టె అక్కడే ఉండిపోయింది. తెచ్చుకోవడానికి డబ్బులు లేక కాదు. ఉద్యోగం మళ్ళీ పోయింది, ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గేసింది. ఫోను మోగితే గుండె దడ వచ్చేది. ఎత్తేవాణ్ణి కాదు. ఏడాదిన్నర తర్వాత వెళ్తే, "ఇల్లు మారాం, పాత పేపర్లతో పాటు పోయింది" అన్నారు. అందులో నా పదో తరగతి మార్కుల మెమో, డిగ్రీ పట్టా, మా నాన్న చేతిరాతతో ఉన్న లెక్కల పుస్తకం ఉన్నాయి. డూప్లికేట్ సర్టిఫికెట్ల కోసం పోలీసు స్టేషను, అఫిడవిట్లు, యూనివర్సిటీ కౌంటర్లు, నెలల తరబడి తిరిగాను. నాన్న పుస్తకానికి డూప్లికేట్ ఎక్కడా దొరకలేదు.

తప్పు నాదే. నా స్నేహితుణ్ణి నేను ఒక్క మాట అనలేదు. కానీ అతను ఒక్క కాగితం పంపి "ఫలానా తేదీ తర్వాత ఉంచలేను" అని రాసి ఉంటే, అప్పు చేసైనా వెళ్ళేవాణ్ణి. కాకినాడ అమ్మగారూ, ఆ కాగితం నన్ను అవమానించేది కాదు. పెట్టెను కాపాడేది.

కాకినాడ కాజా:
నాయనా, నీ మాట విన్నాక నా మాట కొంచెం మార్చుకుంటున్నాను. రాయమను. కానీ వకీలు చేత కాదు. వదిన చేత్తో, తెలుగులో, ఇంట్లో మాట్లాడుకునే భాషలో రాయాలి.

కోర్టు వరండా:
దానికి నాకేమీ అభ్యంతరం లేదు. చట్టానికి కావలసింది సమాచారం స్పష్టంగా వెళ్ళడం, అది వెళ్ళినట్టు రుజువు. నా లెటర్‌హెడ్ అక్కర్లేదు. రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు. స్పీడ్ పోస్టులో పంపి రశీదు, చేరినట్టు రుజువు దాచుకోండి. అదే ఉత్తరం ఫొటో వాట్సాప్‌లోనూ పెట్టండి. ఒక నకలు ఊళ్ళో ఆయన తల్లిదండ్రులకు పంపండి.

ఉత్తరం కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. పక్క ఫ్లాటు వాళ్ళు ఇద్దరిని పిలిచి, వాళ్ళ ఎదుట ప్రతి వస్తువూ జాబితా రాయండి, ఫొటోలు, వీడియో తీయండి, అందరూ సంతకాలు చేయండి. ట్రంకు తాళం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పగలగొట్టకండి. తెరిచిన తర్వాత "అందులో రెండు తులాల గొలుసు ఉండేది" అంటే మీ దగ్గర జవాబుండదు. తాళం మీదుగా కాగితం పట్టీ అంటించి, దాని మీద సాక్షుల సంతకాలు పెట్టించండి. పాస్‌పోర్టు లాంటిది పైకి కనబడితే దాన్ని అసలు పారేయకూడదు, అది కేంద్ర ప్రభుత్వ ఆస్తి.

బైకు ఆయన పేరు మీద ఉంది. ఆయన సంతకం లేకుండా అమ్మడం, తుక్కుకు వేయడం రెండూ వద్దు. మీరు నడపనూ వద్దు, ఇన్సూరెన్సు అయిపోయి ఉండవచ్చు. ఎంతకీ రాకపోతే స్టేషన్‌లో రాతపూర్వకంగా సమాచారం ఇచ్చి రశీదు తీసుకోండి. ఖర్చు భయం ఉంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి. మహిళలకు అక్కడ ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది, హెల్ప్‌లైన్ 15100. కోర్టులో కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో ఇద్దరినీ కూర్చోబెట్టే అవకాశం కూడా ఉంది.

బెజవాడ మాట:
సరే, ఉత్తరం రాశారు, నెల గడిచింది, రాలేదు. అప్పుడైనా పారేయొచ్చా, లేదా? సూటిగా చెప్పండి.

కోర్టు వరండా:
సూటిగానే చెబుతాను. విలువ లేనివి, పాడైపోయి బూజు పట్టినవి సాక్షుల ఎదుట తీసేయవచ్చు. విలువైనవి, కాగితాలు, తాళం వేసిన పెట్టె మాత్రం వద్దు. వాటిని ఆయన తల్లిదండ్రుల ఇంటికి చేర్చడమో, గోడౌనులో పెట్టి రశీదు పంపడమో చేయండి. అమ్మక తప్పని పరిస్థితి వస్తే ముందు ఒక న్యాయవాదిని కలవండి. అమ్మినా ఆ డబ్బు ఆయనదే, మీ 18 వేలకు జమ కాదు.

బెజవాడ మాట:
నేను ఒప్పుకోను. నెల నోటీసు ఇచ్చాక కూడా గోడౌను అద్దె ఇంటావిడే కట్టాలంటే అది న్యాయం కాదు. చట్టంలో లోటు ఉంది. అద్దె ఇళ్ళకు ఏదో ఒక దారి ఉంది, ఇంటికొచ్చిన చుట్టం విషయంలో ఇన్ని రోజులని రాసి పెట్టాలి.

కోర్టు వరండా:
ఆ చివరి మాటతో మాత్రం ఏకీభవిస్తాను. ఒక అంకె ఉంటే రెండు వైపులా తగువు తగ్గుతుంది.

ఉప్పుగాలి:
అందరికీ చెప్పాలి. పక్క ఫ్లాటు దంపతులను పిలిచి జాబితా రాశాం, 31 వస్తువులు తేలాయి. ఉత్తరం నేనే రాశాను. ఇలా మొదలుపెట్టాను: "నువ్వు ఈ ఇంటికి పరాయివాడివి కావు. నీ సామాను ఎవరికీ ఇవ్వలేదు, ఏదీ తెరవలేదు. అమ్మ వస్తోంది, గది కావాలి. ఈ ఉత్తరం అందిన నెల లోపల తీసుకెళ్ళు. రాలేకపోతే ఎవరిని పంపుతున్నావో రాసి పంపు." డబ్బు ప్రస్తావన పెట్టలేదు. జాబితా జత చేశాను.

ఉత్తరం అందిన మూడో రోజు రాత్రి ఫోను చేశాడు. మొదట కోపంగా మాట్లాడాడు, "పోస్టులో పంపేంత దూరం అయిపోయానా వదినా" అన్నాడు. నేను ఏమీ అనకుండా విన్నాను. తర్వాత చాలాసేపు మౌనంగా ఉండి, ఉద్యోగం పోయి అయిదు నెలలైందన్నాడు. ఇంట్లో కూడా చెప్పలేదట. పాత పెట్టె గారూ, ఆ మాట వినగానే మీరే గుర్తొచ్చారు.

నిన్న చిన్నమామయ్య ఊరి నుంచి ట్రాలీ ఆటో మాట్లాడుకుని వచ్చారు. "నాన్నకు ఇచ్చేయండి" అని అబ్బాయి ముందే మెసేజ్ పెట్టాడు. జాబితా పట్టుకుని ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకుంటూ ఎక్కించాం. ట్రంకు మీద పట్టీ చెక్కు చెదరలేదని ఆయనకే చూపించి సంతకం తీసుకున్నాం. ఫ్రిజ్ మాత్రం "మీ బాకీ కింద ఉంచుకోండమ్మా" అన్నారు.

కోర్టు వరండా:
ఫ్రిజ్ కొడుకుది. తండ్రి మాట చాలదు. అబ్బాయి నుంచే రాతలో తీసుకోండి, ఎంతకు జమ చేస్తున్నారో అంకెతో సహా.

ఉప్పుగాలి:
తీసుకున్నానండి. 6 వేల కింద జమ అని తనే మెసేజ్ పెట్టాడు. మిగతా 12 వేలు ఎప్పుడని మా ఆయన అడగొద్దన్నారు. నేనూ అడగలేదు.

గది కడిగి, కిటికీ పక్కన అమ్మకు మంచం వేశాం. బైకు ఇంకా కిందే ఉంది. 25న వచ్చి తనే తీసుకెళ్తానన్నాడు. ఆ మాట చెప్పి అసోసియేషన్ వాళ్ళను నెలాఖరు దాకా ఆగమన్నాను.