అప్‌డేట్: వర్చువల్ మెషీన్‌లో పోస్ట్‌గ్రెస్ నెమ్మదించడానికి కారణం దొరికింది

ఉబుంటు వర్చువల్ మెషీన్‌పై (ఒకే భౌతిక సర్వర్‌ను పలువురితో పంచుకునే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌పై) నడిచే మా పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ పగటిపూట మాత్రమే విపరీతంగా నెమ్మదిస్తోందని, అదే క్వెరీ (డేటా కోసం పంపే అభ్యర్థన) రాత్రివేళ క్షణంలో ముగుస్తోందని ఇంతకుముందు అడిగాను. సమస్య పరిష్కారమైంది. ఓపికగా సమాధానాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

మెషీన్ పనిభారాన్ని చూపే టాప్ ఆదేశంలో సీపీయూ వరుస చివరనున్న 'ఎస్‌టీ' విలువను గమనించమన్న సూచనే దారి చూపింది. ఎస్‌టీ అంటే స్టీల్ టైమ్. మన మెషీన్ పనికి సిద్ధంగా ఉన్నప్పటికీ, హైపర్‌వైజర్ (వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్) అసలు ప్రాసెసర్‌ను ఇతరులకు కేటాయించడం వల్ల వేచి ఉండవలసివచ్చిన సమయాన్ని అది శాతంలో చూపుతుంది. రాత్రి సున్నా దగ్గర ఉండే ఆ విలువ, కార్యాలయ వేళలు మొదలవగానే 30 దాటేది. ఇవే గణాంకాలను వరుసగా చూపే వీఎంస్టాట్ ఆదేశంతో సెకనుకొకసారి నమోదు చేసిన వివరాలను హోస్టింగ్ సంస్థకు పంపగా, ఆ భౌతిక సర్వర్‌లోని కోర్ల సామర్థ్యానికి మించి వర్చువల్ సీపీయూలు కేటాయించి ఉన్నాయని వారి ఇంజనీరు ధ్రువీకరించి, మా మెషీన్‌ను రద్దీ తక్కువగా ఉన్న మరో హోస్ట్‌కు మార్చారు. ఇప్పుడు పగలు కూడా ఎస్‌టీ 1 దాటడం లేదు.

షేర్డ్ బఫర్స్ (పోస్ట్‌గ్రెస్ డేటాను ఉంచుకునే మెమరీ) పెంచడం, ఇండెక్స్‌లను (డేటాను త్వరగా వెతికే సూచికలను) తిరిగి నిర్మించడం ఏ మార్పూ తేలేదు. డిస్క్‌పై అనుమానం కూడా నిలవలేదు. డిస్క్ పనితీరును చూపే ఐఓస్టాట్‌లో నిరీక్షణ సమయాలు మామూలుగానే ఉన్నాయి. బర్స్టబుల్ తరహా ప్లాన్ (అవసరమైనప్పుడు కొంతసేపు మాత్రమే అదనపు వేగమిచ్చేది) వాడేవారికి, ఆ వేగం కోసం ఖర్చయ్యే సీపీయూ క్రెడిట్లు అయిపోయినా ఎస్‌టీ ఇలాగే పెరగవచ్చు కనుక, సంస్థకు ఫిర్యాదు చేసేముందు క్రెడిట్ల నిల్వను తప్పక చూసుకోవాలి.