ఫోర్క్‌లిఫ్ట్ పోటీల్లో టైమ్‌కి మార్కులు ఉండాలా?

షిఫ్ట్ ఇన్‌చార్జ్:
మా ఆపరేటర్లకి పోటీ పెడదామని మేనేజ్‌మెంట్ అంటోంది. కోన్ల మధ్య నుంచి ప్యాలెట్ (సరుకు పేర్చే పలక) తీసుకెళ్లి ర్యాక్‌లో పెట్టాలి, అందరికంటే తక్కువ టైమ్‌లో పూర్తిచేసినవాళ్లకే బహుమతి. మర్నాటి నుంచి ఫ్లోర్ మీద రేసులు మొదలవుతాయేమోనని నా భయం. మీరేమంటారు?

పాత ఆపరేటర్:
పోటీ పెట్టండి సార్, స్టాప్‌వాచ్ మాత్రం లోపల పెట్టేయండి. కౌంటర్‌వెయిట్ ఫోర్క్‌లిఫ్ట్‌లో, అంటే ముందు ఎత్తే లోడ్‌కి సరితూగేలా వెనక బరువు దిమ్మ ఉన్న బండిలో, స్టీరింగ్‌కి తిరిగేవి వెనక చక్రాలు. మలుపులో వెనక భాగం బయటికి ఊడ్చుకుంటూ వస్తుంది. బండి నిలకడంతా ముందు రెండు చక్రాలు, వెనక యాక్సిల్ నడిమధ్య, ఈ మూడింటినీ కలిపే త్రికోణంలోనే ఉంటుంది. లోడ్ పైకెత్తి తిప్పితే బరువు ఆ త్రికోణం దాటి పక్కకి పోతుంది, బండి ఒరుగుతుంది. ఖాళీ బండి పడదని చాలామంది ధీమా. స్పీడు మలుపులో ఖాళీదే ఇంకా తేలిగ్గా పడుతుంది, ఎందుకంటే అప్పుడు బరువంతా వెనక, త్రికోణం సన్నబడే చోటే ఉంటుంది. పడేటప్పుడు బయటికి దూకినవాడే ఓవర్‌హెడ్ గార్డ్ (డ్రైవర్ తల మీదుండే ఇనప చట్రం) కింద నలుగుతాడు. సీటు బెల్టు పెట్టిందే అందుకు.

టైమ్‌కి మార్కులన్నారనుకోండి, ముందు ఎగిరిపోయేది హారన్. తర్వాత, ర్యాక్ నుంచి వెనక్కొచ్చాక ఆగి ఫోర్కులు దించడం. దించుతూనే తిప్పేస్తారు!

లాజిస్టిక్స్ మేనేజర్:
టైమ్ తీసేస్తే అది పోటీ అవదు, లైసెన్సు పరీక్ష అవుతుంది. జర్మనీలో 2005లో స్టాప్లర్‌కప్ అనే ఫోర్క్‌లిఫ్ట్ పోటీ మొదలైంది, అషాఫెన్‌బుర్గ్‌లో ఫైనల్స్ చూడ్డానికి జనం వచ్చారు. ఎవరూ పట్టించుకోని పనికి అంత గౌరవం ఊరికే వస్తుందా? పైగా డాక్‌లో (సరుకు ఎక్కించి దించే చోట) లారీ నిలబడి ఉంటే నిదానమే ప్రధానం అంటూ కూర్చోలేం. మంచి ఆపరేటర్ యాక్సిలరేటర్ తొక్కి టైమ్ మిగల్చడు. ఫోర్కులు ఒక్కసారికే తిన్నగా దూర్చి మిగులుస్తాడు. స్టాప్‌వాచ్ పట్టేది ఆ నేర్పునే.

పాత ఆపరేటర్:
నేర్పుతో మిగిలిందా, తెగింపుతో మిగిలిందా అన్నది స్టాప్‌వాచ్‌కి తెలీదు కదండీ. జపాన్ జాతీయ ఫోర్క్‌లిఫ్ట్ పోటీ చూడండి. రాతపరీక్ష, బండి తనిఖీ, డ్రైవింగ్, మూడింటికీ మార్కులే. నన్నడిగితే తనిఖీ రౌండే అసలు పోటీ. కారుతున్న హైడ్రాలిక్ ఆయిల్, వదులైన మాస్ట్ (ఫోర్కులు పైకీ కిందికీ కదిలే నిలువు చట్రం) గొలుసు, ఫోర్కు వంపు దగ్గర వెంట్రుకంత పగులు. ఇవి కనిపెట్టే కళ్లున్నవాడికి కప్పు ఇవ్వండి.

సేఫ్టీ ఆఫీసర్:
మీరిద్దరూ వదిలేసిందొకటుంది. పోటీకి పేరు ఇచ్చేది ఎలాగూ బాగా నడిపేవాళ్లే. ఎవరిని చూసి మనకి భయమో వాళ్లు ఆ రోజు సెలవు పెడతారు. ఐచ్ఛికం అనకుండా షిఫ్టులవారీగా జట్లు కట్టి, ప్రతి ఒక్కరి తప్పులూ జట్టు ఖాతాలో వేయండి. అప్పుడు సీనియర్లే పక్కవాళ్లకి నేర్పుతారు.

లాజిస్టిక్స్ మేనేజర్:
జట్లు సరే. ఇద్దరికీ తప్పులు సమానమైతే? అప్పుడైనా టైమ్ చూడాలిగా.

షిఫ్ట్ ఇన్‌చార్జ్:
టైమ్‌కి పరిమితి పెడతాను. అది దాటితే మార్కులు కోత, ముందే ముగిస్తే అదనంగా ఏమీ రాదు. హారన్ మర్చిపోయినా, బెల్టు పెట్టుకోకపోయినా రౌండ్ రద్దు. స్కోరు సమానమైతే నాలుగు లోపాలు పెట్టిన బండి చెరొకటి ఇస్తాం, ఎక్కువ పట్టుకున్నవాళ్లది గెలుపు. ఆ లోపాలు పెట్టేది మాత్రం మెకానిక్కే, మేనేజ్‌మెంట్ కాదు.