కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) ఫైల్‌లో ఫిలిప్పీన్స్ భాగస్వామి పేరు ఇప్పుడే చూపించాలా, తర్వాత పిలిపించుకోవాలా?

ఎడారివాన:
అందరికీ నమస్తే. నాకు 31 ఏళ్లు, దుబాయ్‌లో అకౌంట్స్ పని. ఆమె ఫిలిప్పీన్స్ అమ్మాయి, ఇక్కడే నర్సు. రెండేళ్లుగా ఒకే ఫ్లాట్‌లో ఉంటున్నాం, పెళ్లి కాలేదు, మా ఇంట్లో ఇంకా తెలియదు. కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి (మార్కుల లెక్కన పీఆర్‌కు ఎంచుకునే పద్ధతి) వేద్దామని ఒక ఏజెంట్‌ను కలిస్తే, "సింగిల్ అని పెట్టు, మార్కులు ఎక్కువొస్తాయి, పీఆర్ వచ్చాక పెళ్లి చేసుకుని పిలిపించుకో" అన్నాడు. ఆ మాట ఆమెకు చెప్పాను. ఏమీ అనలేదు, లేచి డ్యూటీకి వెళ్లిపోయింది. అప్పటి నుంచి మనసు బాగోలేదు. మీరైతే ఏం చేస్తారు?

పొద్దుతిరుగుడు:
తమ్ముడూ, ఏజెంట్ చెప్పిందాంట్లో తప్పేముంది? పెళ్లి కాలేదు కాబట్టి సింగిలే కదా. ముందు ఒకరు స్థిరపడితే ఇద్దరికీ మంచిది. ఒంటరిగా వేస్తే వయసు, చదువు, భాష లాంటి వాటికి గరిష్ఠంగా 500 మార్కులు, భాగస్వామి ఉంటే నీకు 460, మిగతా 40 ఆమె తెచ్చుకోవాలి. ఇప్పుడున్న పోటీలో ఒక్కో మార్కూ ముఖ్యమే. ఇంట్లో వాళ్లకు నెమ్మదిగా చెప్పుకునే టైమ్ కూడా దొరుకుతుంది.

తాళపత్రం:
దయచేసి ఆ పని చేయకు. ఇది మార్కుల సంగతి కాదు. వరసగా 12 నెలలు భార్యాభర్తల్లా కలిసి ఉంటే కెనడా లెక్కలో మీరు కామన్-లా భాగస్వాములు. తాళి కట్టావా, రిజిస్టర్ చేశావా అని అక్కడ ఎవరూ చూడరు. అంటే ఆ ఫారంలో నీకు సింగిల్ అనే గడి లేనే లేదు.

ఇక అసలు ప్రమాదం వినండి. వాళ్ల ఇమిగ్రేషన్ నిబంధనల్లో 117(9)(డి) అని ఒకటుంది. నువ్వు పీఆర్ అయ్యే సమయానికి కుటుంబ సభ్యురాలిగా ఉన్న మనిషిని చూపించకుండా, ఆమెకు మెడికల్ పరీక్ష జరగకుండా ల్యాండ్ అయితే, తర్వాత ఫ్యామిలీ క్లాస్‌లో (కుటుంబ సభ్యుల్ని పిలిపించుకునే విభాగం) ఆమెను స్పాన్సర్ చేయలేవు. తర్వాత పెళ్లి చేసుకున్నా సరే. ఆమెను పిలిపించుకోవడానికని దాచిపెట్టి, అదే దాచినందుకు ఆమెకు దారి మూసేసినవాడివి అవుతావు. పైగా అబద్ధం బయటపడితే వాళ్ల చట్టం 40వ సెక్షన్ కింద 5 ఏళ్ల నిషేధం, వచ్చిన పీఆర్ కూడా పోవచ్చు. ఆ ఏజెంట్ ఫీజు తీసుకుని పక్కకు తప్పుకుంటాడు, సంతకం మాత్రం నీది.

ఇంకో మాట. ఫైల్ వేసినప్పుడు నిజంగానే ఒంటరిగా ఉండి, ల్యాండింగ్‌కు ముందు పెళ్లి చేసుకున్నా ముందుగా చెప్పి తీరాలి. చాలామంది వీసా చేతికొచ్చాక ఊరెళ్లి పెళ్లి చేసుకుని నేరుగా విమానం ఎక్కేస్తారు, అక్కడే దెబ్బతింటారు.

పొద్దుతిరుగుడు:
ఈ నిబంధన సంగతి నాకు తెలియదు, సింగిల్ అని పెట్టమన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఆమె పేరు చూపించి, "వెంట రావడం లేదు" అని పెట్టొచ్చు కదా? అప్పుడు మార్కులు ఒంటరి లెక్కనే వస్తాయని విన్నాను.

తాళపత్రం:
వస్తాయి. అది చట్టబద్ధమైన దారే. అప్పుడు కూడా ఆమెకు మెడికల్ చేయించాలి, తర్వాత స్పాన్సర్ చేసే హక్కు నిలుస్తుంది. కాకపోతే ఆమె నిజంగా ఆగిపోవడానికి ఒక కారణం ఉండాలి, ఉద్యోగ ఒప్పందమో, ఇంకోటో. ఒకే ఇంట్లో ఉంటున్న ఇద్దరిలో ఒకరు మాత్రమే ఎందుకు వస్తున్నారని అధికారి అడిగితే జవాబు చెప్పగలగాలి. కేవలం మార్కుల కోసమైతే నేను ఆ జోలికి వెళ్లను.

మొగలిపొద:
ఇక్కడ ఎవరో ఒకరు "ముందు పెళ్లి చేసుకో, అన్నీ సర్దుకుంటాయి" అంటారని ముందే రాస్తున్నా, ఆ సలహా అందరికీ కుదరదు. నా సహచరికి చిన్న వయసులో ఫిలిప్పీన్స్‌లో పెళ్లయింది, నేను పరిచయం కావడానికి చాలా ముందే విడిపోయారు. ఆ దేశంలో ముస్లింలకు తప్ప మిగతావాళ్లకు విడాకుల చట్టం లేదు, ఆ పెళ్లి చెల్లదని కోర్టులో తేల్చుకోవడం ఒక్కటే దారి. డబ్బూ కాలమూ రెండూ తినేస్తుంది. 2024 మేలో వాళ్ల దిగువ సభ విడాకుల బిల్లు ఆమోదించిందని ఎంతో సంబరపడ్డాం, అది చట్టం కాలేదు.

మమ్మల్ని గట్టెక్కించింది ఈ కామన్-లా దారే. పాత భర్తతో విడిపోయినట్టు, ఆ తర్వాత మేం ఏడాది పైగా కలిసి ఉన్నట్టు చూపించాం. ఇద్దరి పేర్లతో అద్దె ఒప్పందం, ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఒకే అడ్రస్‌కు వచ్చిన బిల్లులు, ఇద్దరం కలిసి తిరిగిన టికెట్లు. ఫొటోలు కూడా పెట్టాం కానీ బలం కాగితాలదే. ఎడారివానా, మీ ఎజారీలో (దుబాయ్ అద్దె ఒప్పందపు రిజిస్ట్రేషన్) ఆమె పేరు సహ నివాసిగా ఉందా? లేకపోతే ఈ వారమే ఎక్కించు.

సన్నజాజులు:
నేను ఒక ఫిలిప్పీన్స్ అబ్బాయిని పెళ్లి చేసుకున్న తెలుగమ్మాయిని. ఆ దేశం వైపు పని కూడా ఉంటుంది, మనవాళ్లు దాన్ని మర్చిపోతారు. బయట ఎక్కడ పెళ్లి చేసుకున్నా వాళ్ల ఎంబసీలోనో కాన్సులేట్‌లోనో రిపోర్ట్ ఆఫ్ మ్యారేజ్ వేయాలి. వేయకపోతే ఆ దేశపు రికార్డుల్లో మనిషి ఇంకా పెళ్లికానట్టే ఉంటారు, తర్వాత ఒక్కో కాగితం దగ్గరా ఆగిపోతాం. విదేశీ జీవిత భాగస్వామి ఉన్నవాళ్లు ఫిలిప్పీన్స్ నుంచి వలస బయల్దేరాలంటే సీఎఫ్ఓ అనే అక్కడి ప్రభుత్వ సంస్థ ఇచ్చే కౌన్సెలింగ్ సర్టిఫికెట్ కూడా అడుగుతారు. మా ఆయనకు మొదట అవమానంగా అనిపించింది, పెద్దవాడిని, నా పెళ్లి గురించి నాకు పాఠం చెప్పడమేంటని. కానీ ఉత్తరాల ద్వారా పెళ్లిళ్లు కుదిర్చి ఆడపిల్లల్ని విదేశాలకు పంపే వ్యాపారాన్ని ఆపడానికి వాళ్లు 1990లోనే చట్టం చేయాల్సి వచ్చింది. ఆ చరిత్ర తెలిశాక నాకు ఆ కౌన్సెలింగ్ మీద కోపం పోయింది.

ఇంకొకటి అడగాలి. నీ పోస్ట్ మొత్తం నీ ఫైల్ గురించి, ఆమెను "పిలిపించుకో"వడం గురించే ఉంది. ఆమె నర్సు. 2023 నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఆరోగ్య రంగం వాళ్లకు విడిగా డ్రాలు (ఎంపికలు) తీస్తున్నారు. ప్రధాన అభ్యర్థిగా ఆమెనే పెట్టి నువ్వు భాగస్వామిగా వెళ్తే ఎలా ఉంటుందో లెక్క వేశారా? లేక మగవాడి పేరే ముందుండాలని తేల్చేసుకున్నారా?

తాళపత్రం:
సన్నజాజులు గారు అడిగింది చాలా సరైన ప్రశ్న, నాకూ తట్టలేదు. రెండు రకాలుగానూ లెక్క కట్టు. నీ పేరు ముందున్నా, ఆమెకు బీఎస్సీ డిగ్రీకి 8, ఇంగ్లిష్ పరీక్షలో నాలుగు విభాగాల్లోనూ సీఎల్‌బీ (కెనడా భాషా స్థాయి కొలమానం) 9 వస్తే 20, ఆ 40లో మొత్తం 28 తిరిగొస్తాయి. డిగ్రీకి ఈసీఏ రిపోర్ట్ (ఆ డిగ్రీ కెనడా చదువుకు ఎంత సమానమో తేల్చే కాగితం) ఉండాలి. ఆమె ఎన్‌బీఐ క్లియరెన్స్ (నేర చరిత్ర లేదని ఫిలిప్పీన్స్ ఇచ్చే పత్రం), దుబాయ్ పోలీస్ సర్టిఫికెట్ కూడా ముందే చూసుకోండి.

పొద్దుతిరుగుడు:
మార్కుల సంగతి ఒప్పుకుంటున్నా. ఇంట్లో చెప్పే విషయం మాత్రం నేను ఇప్పటికీ అదే అంటాను, తొందరపడకు. ఫైల్‌లో నిజం రాయి, ఇంట్లో మెల్లగా చెప్పుకో. ఆ రెండూ ఒకే రోజు జరగాల్సిన పనిలేదు.

ఎడారివాన:
అందరికీ థాంక్స్. నిన్న రాత్రి ఆమె పక్కనే కూర్చోబెట్టుకుని అన్నీ చదివి చెప్పాను. 117 సంగతి చెప్పగానే, తను ఆ రోజు ఎందుకు మాట్లాడలేదో చెప్పింది. రెండేళ్లు కలిసి ఉన్నది కాగితం మీద చెరిపేసేంత తేలికైనదా అనిపించిందట. నా దగ్గర జవాబు లేదు, సారీ చెప్పాను.

ఏజెంట్‌ను వదిలేశాం. ఎజారీలో ఆమె పేరు ఉంది, జాయింట్ అకౌంట్ లేదు, అది మొదలుపెట్టాలి. ఆమె ఇంగ్లిష్ పరీక్షకు డేట్ తీసుకుంది, ప్రధాన అభ్యర్థిగా తన పేరుతోనే ప్రొఫైల్ వేద్దామనుకుంటున్నాం. పొద్దుతిరుగుడు అన్నా, ఆగమన్నావు గానీ మా అమ్మకు ఈ శనివారం వీడియో కాల్ చేస్తున్నా, ఈమె కూడా పక్కనే ఉంటుంది. సన్నజాజులు గారూ, మీరు ఇంట్లో మొదటిసారి ఎలా చెప్పారో వీలైతే రాయండి.