ఎండ జరిగిపోతుంటే బొమ్మ పూర్తి చేసేదెలా?

రెండేళ్లుగా ఆయిల్ రంగులతో బొమ్మలు వేస్తున్నాను. ఇప్పుడు పట్టుకున్నది ఒక ఖాళీ గది. సామాను లేదు, మనుషులు లేరు. ఒక కిటికీ, తెల్ల గోడ, ఎర్ర గచ్చు, అంతే. ఉదయం ఎనిమిదిన్నరకి కూర్చుంటే నేల మీద ఎండ పలకలా పడి ఉంది. గోడకి రంగు కలిపి తలెత్తేసరికి ఆ పలక జానెడు జరిగింది. దిద్దాను. మళ్లీ జరిగింది. పదకొండింటికి చూసుకుంటే నేల మీద ఎండ ఒక టైమ్‌ది, గోడ మీద నీడ ఇంకో టైమ్‌ది. పొలం గట్టున కూర్చున్నా ఇదే గోల. పోనీ అని ఫోటో చూసి వేస్తే నీడలు మసి పూసినట్టు వస్తున్నాయి. మీరంతా ఎలా నెట్టుకొస్తున్నారు?

జవాబు 1:
నేనూ ఒక బొమ్మలో చెట్టు నీడ ఎడమకి, గడ్డివాము నీడ కుడికి వేశాను. మా తమ్ముడు చూసి "ఈ ఊళ్లో ఇద్దరు సూర్యుళ్లా?" అన్నాడు. అప్పటినుంచి ఎండ వెంట పరిగెత్తడం మానేశాను.

మొదటి పది నిమిషాలు అసలు రంగుల జోలికి పోకండి. బర్న్ట్ సియెన్నాని (ఎర్రటి గోధుమ రంగు) టర్పెంటైన్‌తో పల్చగా చేసి నీడల అంచులు గీసి, లోపలంతా ఒకే టోన్‌తో నింపేయండి. ఇక ఆ అంచుల్ని ముట్టుకోవద్దు, నేల మీద ఎండ ఎటు పోయినా సరే. సూర్యుడు నాలుగు నిమిషాలకి ఒక డిగ్రీ చొప్పున జరుగుతుంటాడు, మన చెయ్యి అంత వేగంగా ఆడదు. గంటన్నర కాగానే బ్రష్ కడిగేసి, మర్నాడు అదే టైమ్‌కి కూర్చోండి. మబ్బు పడితే దానికి వేరే కాన్వాస్.

ఫ్రెంచి చిత్రకారుడు మోనే 1890-91లో గడ్డివాములని పాతిక దాకా వేసింది ఇలాగే. వెలుగు మారగానే కాన్వాస్ మార్చేవాడు.

జవాబు 2:
పైన చెప్పింది నిజమే, కానీ ఖాళీ గదికి ఇంకో చిక్కుంది. తెల్ల గోడని తెల్లగా వేసేస్తాం. అట్టముక్కకి చిన్న చిల్లు పెట్టి, ఒక కన్ను మూసి అందులోంచి గోడని చూడండి. నీడలో ఉన్న తెలుపు మీరు అనుకున్నదానికన్నా చాలా ముదురు. డెన్మార్క్ చిత్రకారుడు హామర్‌షోయ్ కోపెన్‌హాగెన్‌లో 1898 నుంచి 1909 దాకా ఉన్న ఇంట్లో అవే గదుల్ని మళ్లీ మళ్లీ వేశాడు. ఆ బూడిద రంగుల్లో ఎన్ని రకాలున్నాయో ఓసారి చూడండి.

ఫోటోలో నీడలు నల్లబడేది కెమెరా కిటికీ వెలుగుకి సర్దుకోవడం వల్ల. నీడ మీద ఫోకస్ పెట్టి, బ్రైట్‌నెస్ పెంచి రెండో ఫోటో తీసుకోండి. ఆకారాలకి ఒకటి, నీడల్లో వివరాలకి ఒకటి. రంగులు మాత్రం కంటితో చూసే వేయండి.

అడిగినవారు:
ఇవాళ చిల్లు అట్టతో చూశాను. కిటికీ పక్క గోడ నీలం కలిసిన బూడిద రంగు! అదే గోడ కింద, ఎండ పలక దగ్గర, గచ్చు ఎరుపు మూరెడు ఎత్తు దాకా పాకింది. ఇన్నాళ్లూ అక్కడ ఉత్త తెలుపు పూస్తున్నాను. నీడల అంచులు పన్నెండు నిమిషాల్లో అయ్యాయి. పైకప్పు మాత్రం బురదలా వచ్చింది, గీకేశాను. రేపు మళ్లీ ఎనిమిదిన్నరకి, మబ్బు లేకపోతే.